పెంచేవాళ్ళకి తోడెవరు?

(ఫోస్టర్ కేర్‌కి అంటే వేరేవాళ్ళ బిడ్డని కొన్నాళ్ళు ఇంట్లో పెట్టుకుని పెంచడానికి దరఖాస్తు పెట్టుకున్న దంపతులు, పిల్లల సంరక్షణ సిబ్బంది కలిసి కూర్చున్న ఒక సమావేశంలో విశ్రాంత ఉపాధ్యాయిని ఒకరు చేసిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసినది.)

అందరికీ నమస్కారం.

ముందు వరుసలో కూర్చున్న మిమ్మల్ని చూస్తుంటే 2018లో మేమిద్దరం ఇలాగే ఒక హాల్లో కూర్చున్న రోజు గుర్తొస్తోంది. నా ఒళ్ళో ఒక ప్లాస్టిక్ ఫోల్డరు. అందులో ఆధార్ కార్డులు, మావారి జీతం స్లిప్పులు, డాక్టరు రాసిచ్చిన ఆరోగ్య పత్రం, మా పెళ్ళి ఫోటో. ఒక్క కాగితం కూడా తక్కువ లేదు. సొంతిల్లు ఉంది, తిండికి లోటు లేదు, ముప్ఫై ఏళ్ళుగా బళ్ళో పిల్లల మధ్యే బతికాను. ఇంకేం కావాలి అనుకున్నాను. తీరా పిల్ల ఇంటికొచ్చాక తెలిసింది, ఆ ఫోల్డర్లో లేనివే ఎక్కువ కావాలని. ఇవాళ వాటి గురించే మాట్లాడతాను.

ఒక సంగతి ముందే చెప్పాలి. మా ఇంట్లో ఉండి వెళ్ళిన పిల్లల పేర్లు నేను చెప్పను, ఊళ్ళు కూడా చెప్పను. బాల న్యాయ చట్టం 74వ సెక్షన్ ప్రకారం ఇలాంటి పిల్లల వివరాలు బయటపెట్టకూడదు. ఆరు నెలల దాకా జైలు, 2 లక్షల దాకా జరిమానా పడొచ్చు. శిక్ష సంగతి అలా ఉంచండి. ఆ కథ పిల్లది, మనది కాదు. ఫోన్‌లో వాట్సాప్ స్టేటస్ పెట్టడం మనందరికీ అలవాటే కదా, పిల్ల మొదటి పుట్టినరోజు మన ఇంట్లో జరిగితే ఫోటో పెట్టాలని చెయ్యి లాగుతుంది. పెట్టకండి. ఆల్బమ్‌లో దాచి, వెళ్ళేటప్పుడు ఆ ఆల్బమ్ పిల్ల చేతికే ఇవ్వండి.

ఇక్కడున్న వాళ్ళలో కొందరు దత్తతకి పేరు నమోదు చేసుకుని, ఏళ్ళు గడుస్తున్నా పిలుపు రాక, ఈ దారిన అయినా ఒక బిడ్డ దొరుకుతుందేమో అని వచ్చారని నాకు తెలుసు. మీ బాధ నాకు అర్థమవుతుంది. కానీ ఇది ఆ దారి కాదు. దత్తత అంటే బిడ్డ మన ఇంటిపేరుతో మనదైపోవడం. ఫోస్టర్ కేర్ అంటే తల్లిదండ్రులు చూసుకోలేని స్థితిలో ఉన్న బిడ్డని కొన్నాళ్ళు మన ఇంట్లో పెట్టుకుని పెంచడం. నేనిందాక చెప్పిన బాల న్యాయ చట్టం 2015లోది, అందులో 44వ సెక్షన్ దీని గురించే. ఇలాంటి పిల్లలు ఎక్కడుండాలో నిర్ణయించే బాలల సంక్షేమ సమితి ఆర్డరు ఇస్తేనే పిల్ల మన గడప తొక్కుతుంది, ఆ సమితి చెప్తేనే తిరిగి వెళ్తుంది. దత్తతకి అర్హత ఉన్న పిల్లల్ని ఏళ్ళ తరబడి ఫోస్టర్ కేర్‌లో పెట్టకూడదని కూడా ఆ సెక్షనే చెప్తుంది. 2024లో వచ్చిన కొత్త మార్గదర్శకాల తర్వాత, రెండేళ్ళు పెంచిన కుటుంబం ఆ పిల్లకి చట్టప్రకారం దత్తతకి వీలుంటే అడగొచ్చు. అంతకుముందు అయిదేళ్ళు ఆగాల్సి వచ్చేది. అప్పట్లో దంపతులకే అవకాశం, ఇప్పుడు ఒంటరిగా ఉన్నవాళ్ళు కూడా దరఖాస్తు పెట్టుకోవచ్చు. మగవాళ్ళయితే మగపిల్లల్నే ఇస్తారు. ఇవన్నీ మంచివే. కానీ ఆ రెండేళ్ళ మీదే కళ్ళు పెట్టుకుని పిల్లని తెచ్చుకుంటే, తల్లి చూడటానికి వచ్చిన ప్రతిసారీ మీకు గుండెలో ముల్లు గుచ్చుకున్నట్టు ఉంటుంది. ఆ ముల్లు పిల్లకి కనబడుతుంది.

దీనికి తెలుగులో సరైన మాట కూడా లేదు. పెంపుడు పిల్ల అంటే దత్తత అనుకుంటారు. ఆఫీసు కాగితాల్లో ఏవేవో రాస్తారు గానీ జనం నోట ఫోస్టర్ కేర్ అనే ఉంది. నేనూ అదే అంటున్నాను.

ఇక మొదటి పాప సంగతి. ఎనిమిదేళ్ళది. తండ్రి లేడు. తల్లికి జబ్బు చేసి ఆసుపత్రిలో చేరాక, చూసే దిక్కులేక పాప ఏడాదిన్నర పాటు పిల్లల హోమ్‌లో ఉంది. మా ఇంటికి వచ్చిన రోజు గుమ్మంలోనే చెప్పులు విడిచి, వాటిని ఒకదాని పక్కన ఒకటి గోడకి ఆనించి, గీత గీసినట్టు సర్దింది. ఎంత బుద్ధిమంతురాలో అని మురిసిపోయాను. ముప్ఫై మంది పిల్లలున్న చోట చెప్పులు పోకుండా కాపాడుకునే పద్ధతి అది అని నాకు తర్వాత గానీ తట్టలేదు.

మొదటి రాత్రి పాపకి విడిగా గది ఇచ్చాం. కొత్త దుప్పటి, ఫ్యాను, కిటికీకి పరదా. అర్ధరాత్రి లేచి చూస్తే పాప హాల్లో, ఫ్రిజ్ పక్కన నేల మీద పడుకుని ఉంది. ఎందుకమ్మా ఇక్కడ అంటే, "ఇది చప్పుడు చేస్తోంది" అంది. హోమ్‌లో వరసగా పడుకుంటారు. ఒకరి దగ్గు, ఒకరి కలవరింత, ఆయా నడిచే చప్పుడు. మన ఇంట్లో మనకి హాయిగా ఉండే నిశ్శబ్దం ఆ పిల్లకి భయం. ఆ తర్వాత నేను పాప పక్కనే చాప వేసుకుని పడుకున్నాను, నెలన్నర.

పది రోజులు గడిచాక ఒక పొద్దున వంటింటి గుమ్మం నుంచి పాప గదిలోకి చీమల బారు కనబడింది. దాని వెంటే వెళ్ళాను. బీరువా వెనకాల, పాత స్కూలు సంచిలో, నాలుగు ఇడ్లీలు, రెండు అప్పడాలు, ఒక లడ్డూ ముక్క, అన్నం ముద్ద గుడ్డలో చుట్టి ఉన్నాయి. కొన్నింటికి బూజు పట్టింది. నాకు ఒళ్ళు మండింది. మా ఇంట్లో అన్నం లేదా, అడిగితే పెట్టనా, దొంగతనంగా దాచుకోవాలా అని గట్టిగా అరిచాను. పాప ఏడవలేదు. చేతులు వెనక్కి కట్టుకుని గోడకి ఆనుకుని నిలబడింది, తర్వాత ఏం జరుగుతుందో ముందే తెలిసినట్టు. ఆ నిలబడిన తీరు ఇప్పటికీ నా కళ్ళలో ఉంది.

అడగనిదే అమ్మైనా పెట్టదు అంటాం మనం. అడిగితే అమ్మ పెడుతుందని గట్టి నమ్మకం ఉన్న ఇళ్ళలో పుట్టిన సామెత అది. ఈ పిల్లలు అడిగి అడిగి మానేసినవాళ్ళు.

ఆ రోజు సాయంత్రం నేను ఒకరికి ఫోన్ చేశాను. మా పాప కేసు చూసే సోషల్ వర్కర్, చిన్న వయసు అమ్మాయి. నా కూతురి వయసు ఉంటుంది. అప్పటికి రాత్రి ఎనిమిదైంది. ఫోన్ ఎత్తింది. నేను చెప్పిందంతా విని, "మీరు అరిచారని బాధపడకండి మేడమ్, రేపు పాపతో కలిసి బజారుకెళ్ళి ఒక డబ్బా కొనండి" అంది. ఎందుకు అంటే చెప్పింది. మరుసటి రోజు పాప తనే ఎంచుకుంది, ఎర్ర మూత ఉన్న స్టీలు డబ్బా. దాని మీద తన పేరు రాయించుకుంది. అందులో మరమరాలు, పల్లీ ఉండలు, బిస్కెట్లు నింపి మంచం పక్కన పెట్టాం. ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసుకోవచ్చు, ఎవరినీ అడగక్కర్లేదు, ఖాళీ అయితే నేనే నింపుతాను అని చెప్పాను. మొదటి వారం రోజుకి రెండుసార్లు నింపాను. మూడో నెలకి వారానికోసారి. ఆరో నెలకి పల్లీ ఉండలు మెత్తబడిపోతే పారేసి కొత్తవి వేశాను, పాప గమనించనే లేదు. ఆ మెత్తబడిన పల్లీ ఉండల్ని చేతిలో పట్టుకుని వంటింట్లో నిలబడి ఏడ్చాను, సంతోషంతో.

ఇందులో నా గొప్ప ఏమీ లేదు. నాకున్న అనుభవంతో నేను చేసింది అరవడం. డబ్బా సంగతి నాకు తెలియదు, ఒకరు చెప్తే తెలిసింది. ముప్ఫై ఏళ్ళు పిల్లలకి పాఠం చెప్పినదాన్ని నేను, నాకే తెలియలేదు. మీకు తెలియకపోతే తప్పు లేదు. తెలిసినవాళ్ళు మీ ఫోన్ ఎత్తకపోతే మాత్రం తప్పే.

ఆ పాపకి వాళ్ళమ్మ బతికే ఉంది. అందుకని నన్ను అమ్మా అని పిలవమని ఎప్పుడూ చెప్పలేదు. నీకు ఎలా పిలవాలని ఉంటే అలా పిలువు అన్నాను. ఏడు నెలలు టీచరమ్మా అంది. తర్వాత ఒకరోజు జ్వరంలో పెద్దమ్మా అంది, అదే ఉండిపోయింది. పిలుపు కోసం తొందరపెట్టకండి. అమ్మా అని పిలిపించుకుంటే మనకి తృప్తి కలగొచ్చు గానీ, సొంత అమ్మకి అన్యాయం చేస్తున్నానేమో అని ఆ చిన్న ప్రాణం లోపల్లోపల నలిగిపోతుంది.

తల్లి కొంచెం కోలుకున్నాక నెలకోసారి చూడటానికి వచ్చేది. పల్లెవెలుగు బస్సులో రెండున్నర గంటల ప్రయాణం. వచ్చేటప్పుడు గాజులు, రిబ్బన్లు, ఒక జంతికల పొట్లం తెచ్చేది. ఆవిడ కుర్చీలో కూర్చునేది కాదు, గుమ్మం పక్కన నేల మీదే కూర్చునేది. తను వెళ్ళిపోయాక ఆ రాత్రి పాప పక్క తడిపేది. రెండు రోజులు కంచం తోసేసేది, నాతో మాట్లాడేది కాదు. "వాళ్ళమ్మ రావడం మంచిది కాదు, పిల్ల పాడవుతోంది, వద్దని చెప్పండి" అని మా ఆడపడుచు అంది. నాకూ అలాగే అనిపించింది, అబద్ధం చెప్పను. అప్పుడు కూడా ఆ అమ్మాయికే ఫోన్ చేశాను. "పాప ఏడుస్తోందంటే బంధం తెగలేదని అర్థం మేడమ్. ఏడవకపోతే భయపడదాం" అంది. ఇంకో మాట కూడా చెప్పింది. ఈసారి ఆవిడ వచ్చినప్పుడు పాపకి జడ వేయమని ఆవిడనే అడగండి, మీరు వంటింట్లోకి వెళ్ళిపోండి అంది. అలాగే చేశాను. నేను కొబ్బరినూనె సీసా, దువ్వెన ఇచ్చి లోపలికి వచ్చేశాను. పదినిమిషాల పని, గంట పట్టింది. ఆ గంటా ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు, తెలుసుకోవాలనీ లేదు. ఆ నెల పక్క తడపలేదు.

తల్లిదండ్రులు పెంచలేని స్థితిలో ఉన్నందువల్ల పిల్ల ఫోస్టర్ ఇంటికి వచ్చినప్పుడు, వాళ్ళు వచ్చి చూసుకునే వీలు చట్టమే ఇచ్చింది, పిల్ల మేలుకి అడ్డమని సమితి అనుకుంటే తప్ప. అన్నాచెల్లెళ్ళయితే వీలైనంతవరకు విడదీయకుండా ఒకే ఇంట్లో ఉంచాలని కూడా అందులోనే ఉంది. దరఖాస్తు పెట్టేటప్పుడే ఆలోచించుకోండి, ఇద్దరిని తీసుకోగలమా అని.

ఇప్పుడు నాకు చెప్పడం కష్టమైన విషయం. చెప్పకుండా దిగిపోతే ఇక్కడికి వచ్చిన ప్రయోజనం లేదు.

పాప రెండేళ్ళ నాలుగు నెలలకి వాళ్ళమ్మ దగ్గరికి వెళ్ళింది. కొంతకాలం తర్వాత ఒక బాబు వచ్చాడు. పదమూడేళ్ళు. అప్పటికి మాకు అనుభవం ఉంది కదా, ఈసారి సులువు అనుకున్నాం. ఇచ్చిన ఫైల్లో ఒకటిన్నర పేజీ ఉంది. పేరు, వయసు, చదువు, "ప్రవర్తన బాగుంది". అంతే. వాడు అంతకుముందు మూడు చోట్ల ఉండి వచ్చాడని గానీ, ఒకచోట గదిలో పెట్టి గడియ వేసేవారని గానీ మాకెవరూ చెప్పలేదు. రెండో వారంలో మావారు రాత్రి పడుకునే ముందు అలవాటుగా వీధి తలుపుకి లోపల తాళం వేశారు. బాబు కిటికీ అద్దాన్ని చేత్తో కొట్టాడు. మణికట్టు కోసుకుపోయింది. మేం వాడికి పిచ్చి కోపం అనుకున్నాం. ఆ తర్వాత కూడా తాళం వేస్తూనే ఉన్నాం, ఇంట్లో భద్రత ముఖ్యం కదా అని. వాడు రాత్రుళ్ళు నిద్రపోవడం మానేశాడు, బడికి వెళ్ళడం మానేశాడు, మావారి మీద చెయ్యెత్తాడు.

పాపప్పుడు ఫోన్ ఎత్తిన అమ్మాయి అప్పటికి ఉద్యోగం మారిపోయింది. ఆ చోటులో ఇంకెవరూ రాలేదు. నేను చేసిన ఫోన్లకి "రాసుకున్నాం, చెప్తాం" అనేవారు. నెలనెలా రావాల్సిన డబ్బు కూడా ఏడు నెలలు రాలేదు. డబ్బు లేకపోయినా పెంచగలం మేము, కానీ అడిగినప్పుడల్లా మమ్మల్ని డబ్బు కోసం చేసేవాళ్ళలా చూశారు. తొమ్మిదో నెలలో మా వల్ల కాదు అని రాసిచ్చాం. వాడిని తీసుకెళ్ళడానికి జీపు వచ్చిన రోజు వాడు నా వైపు చూడలేదు. సంచి భుజాన వేసుకుని ముందు సీట్లో కూర్చుని తలుపు వాడే వేసుకున్నాడు. తాళం సంగతి, గడియ సంగతి నాకు అయిదు నెలల తర్వాత, వేరే ఒక మీటింగ్‌లో, పాత హోమ్‌లో పనిచేసినావిడ మాటల మధ్యలో చెప్తే తెలిసింది. ఒక్క తాళం, వెయ్యకుండా ఉండగలిగిన తాళం.

ఇల్లు అదే. మేమే. పాపని ఎంత ప్రేమగా చూశామో బాబునీ అంతే ప్రేమగా చూశాం. ఒక పిల్ల నిలదొక్కుకుని ఇంటికెళ్ళింది, ఇంకో పిల్లవాడు నాలుగోసారి సంచి సర్దుకున్నాడు. తేడా మా మనసులో లేదు. మా వెనకాల మనిషి ఉన్నాడా లేడా అన్న దగ్గరే ఉంది.

యశోద అంత గొప్పతల్లి అంటూ ఇలాంటి సభల్లో మమ్మల్ని పొగుడుతారు. పెంచిన ప్రేమ అంటే అందరికీ ఆవిడే గుర్తొస్తుంది. కృష్ణుడు రథమెక్కాక కథ మథురకి వెళ్ళిపోతుంది. ఆ రాత్రి రేపల్లెలో యశోద ఏం తిన్నది, ఎవరైనా వచ్చి పక్కన కూర్చున్నారా అని అడిగేవాళ్ళు తక్కువ. ఫోస్టర్ తల్లికి పొగడ్త అక్కర్లేదు. ఆ రాత్రి వచ్చి కూర్చునే మనిషి కావాలి.

ఇది నా ఒక్కదాని అనుభవం అనుకోకండి. రుమేనియా దేశంలో 1989 తర్వాత వేలమంది పిల్లలు అనాథాశ్రమాల్లో ఉన్న సంగతి ప్రపంచానికి తెలిసింది. అక్కడ బుకారెస్టులో 2000 ప్రాంతంలో ఒక పెద్ద అధ్యయనం మొదలైంది. చార్ల్స్ నెల్సన్, నేథన్ ఫాక్స్, చార్ల్స్ జీనా అనే ముగ్గురు శాస్త్రవేత్తలు నడిపారు. ఆశ్రమాల్లోని 136 మంది పసిపిల్లల్ని తీసుకుని, చీటీలు వేసినట్టు సగంమందిని కుటుంబాల్లో పెట్టారు, మిగతావాళ్ళు మామూలుగా ఉన్న ఏర్పాటులోనే ఉన్నారు. కుటుంబాల్లోకి వెళ్ళిన పిల్లల తెలివితేటలు, మాట, మనుషులతో అల్లుకునే తీరు మెరుగుపడ్డాయి. రెండేళ్ళ లోపు వెళ్ళినవాళ్ళకి ఇంకా మేలు జరిగింది. ఈ సంగతి చాలామంది చెప్తారు. నేను చెప్పదలచుకున్నది దాని వెనకాల ఉన్నది. అప్పట్లో ఆ ఊళ్ళో ఫోస్టర్ కుటుంబాలు దాదాపు లేవు. వాళ్ళే 56 కుటుంబాలను వెతికి తయారుచేసుకున్నారు. ఆ కుటుంబాలకి నెలనెలా డబ్బు ఇచ్చారు, సోషల్ వర్కర్లు తరచూ ఇంటికెళ్ళి, ఏ పిల్ల ఎలా ఉంది, తల్లి ఎలా ఉంది అని చూసుకునేవారు. ఆ తోడు తీసేసి, కుటుంబం ఒక్కటే చాలని ఆ అధ్యయనాన్ని చూపించకూడదు.

మన దగ్గర ఏముంది? మిషన్ వాత్సల్య అనే కేంద్ర ప్రభుత్వ పథకం కింద పిల్లకి నెలకి 4,000 రూపాయలు. అది జీతం కాదు, పిల్ల ఖర్చుకి. మొదటి నెలలో పళ్ళ డాక్టరు, కళ్ళజోడు, బడి ఫీజు, రెండు జతల బట్టలు అంటే అది చాలదు, ముందే లెక్క వేసుకోండి. సమితి నెలనెలా ఇంటికి వచ్చి చూడాలని చట్టంలో ఉంది. మంచిదే, పిల్ల భద్రత కోసం తప్పదు. కానీ తనిఖీ వేరు, తోడు వేరు. తనిఖీకి వచ్చినవాళ్ళ ముందు నేను అరిచాను అని ఎవరు చెప్తారు? పిల్లని తీసుకెళ్ళిపోతారని భయం. ఆ భయంతోనే మేం బాబు సంగతి మొదటి మూడు నెలలు దాచాం. సిబ్బంది మిత్రులు ఇక్కడ చాలామంది ఉన్నారు. మీ మీద కేసుల బరువు ఎంత ఉంటుందో నాకు తెలుసు, జీపులు ఉండవు, ఒక్కొక్కరు జిల్లా అంతా తిరగాలి. అయినా మిమ్మల్ని ఒక్కటే అడుగుతున్నాను. తప్పు చెప్పుకోవడానికి వీలున్న మనిషిగా ఉండండి. మొదటి మూడు నెలలు వారానికి ఒక్క ఫోన్ మీరే చేయండి. మేం చేసేదాకా ఆగకండి.

దంపతులకి నేను చెప్పేది ఇది. పిల్లని మీ ఇంట్లో పెట్టడానికి ముందు అడగండి, గట్టిగా అడగండి. ఇంతకుముందు ఎన్ని చోట్ల ఉంది? ఎందుకు మారింది? రాత్రి ఎలా నిద్రపోతుంది? దేనికి భయపడుతుంది? కోపమొస్తే ఏం చేస్తుంది, ఎలా చల్లబడుతుంది? ఇష్టమైన కూర ఏది? తోబుట్టువులు ఎక్కడున్నారు? ఫైల్లో లేకపోతే హోమ్‌లో వంటావిడని, ఆయాని అడగండి, వాళ్ళకి తెలిసినంత ఎవరికీ తెలియదు. పిల్లని తెచ్చుకునే ముందు రెండు మూడుసార్లు అక్కడికే వెళ్ళి, పిల్ల పక్కన కూర్చుని భోంచేయండి. పిల్ల గురించి పూర్తిగా చెప్తే మీరు వెనక్కి తగ్గుతారేమో అని వాళ్ళు దాస్తారు. చెప్తేనే నిలబడతాం అని మీరే నమ్మకం కలిగించాలి.

కాగితాల గురించి త్వరగా చెప్పేస్తాను. సమితి ఆర్డరు జిరాక్సులు పది తీసి పెట్టుకోండి. బడిలో చేర్చాలన్నా, ఆసుపత్రికెళ్ళినా, బ్యాంకు ఖాతా తెరవాలన్నా అదే అడుగుతారు. పుట్టిన తేదీ పత్రం, ఆధార్, టీకాల కార్డు, పాత బడి టీసీ, కుల ధ్రువపత్రం, ఏవి లేవో మొదటి వారంలోనే చూసుకోండి. మనం చట్టం ప్రకారం సొంత తల్లిదండ్రులం కాదు. ఆపరేషన్ అవసరమైతే ఎవరు సంతకం పెట్టాలి, సెలవుల్లో పిల్లని వేరే రాష్ట్రం తీసుకెళ్ళాలంటే ఎవరికి చెప్పాలి అన్నది ముందే సమితిని అడిగి రాయించుకోండి. రాత్రి రెండింటికి క్యాజువాలిటీలో నిలబడి ఆ టెన్షన్ పడకూడదు.

చుట్టుపక్కల వాళ్ళ సంగతికి వస్తే, అది ఇంకో రకం కష్టం. "ఎవరి పిల్ల? ఏమిట్లు?" అని అడుగుతారు. కులం అడగడానికి మన వాళ్ళకి మొహమాటం ఉండదు. "మా ఇంట్లో ఉంటోంది, మా పిల్లే" అని ఊరుకోండి, అంతకంటే ఒక్క ముక్క ఎక్కువ చెప్పకండి. ఇంకా బాధ కలిగించేది జాలి. "పాపం, ఎంత పుణ్యం చేసుకుంటున్నారండీ" అని పిల్ల ముందే అంటారు. ఆ మాట విన్న పిల్ల మన ఇంట్లో తినే ప్రతి ముద్దనీ ఎవరి పుణ్యంలోదో అని తింటుంది. మా బంధువుల పెళ్ళిలో ఫోటోగ్రాఫరు ఫ్యామిలీ వాళ్ళు రండి అని పిలిస్తే, అప్పటిదాకా నా కొంగు పట్టుకుని ఉన్న పాప తనంతట తనే మెట్లు దిగి పక్కకి వెళ్ళి నిలబడింది. మావారు కిందికి దిగి ఎత్తుకుని తెచ్చారు. ఎవరూ ఏమీ అనలేదు. అయినా ఆ పిల్లకి ఎక్కడ ఆగిపోవాలో తెలుసు, అది ఎవరో ఎప్పుడో నేర్పిన పాఠం.

మొక్కై వంగనిది మానై వంగునా అంటారు, పదేళ్ళ పిల్లని తెచ్చుకుంటున్నామంటే. ఫోస్టర్ కేర్‌కి వచ్చేది ఎక్కువగా ఆరేళ్ళు దాటిన పిల్లలే. వాళ్ళని వంచే పని మనకి ఎవరూ అప్పజెప్పలేదు. చెట్టుకి నీళ్ళు పోస్తాం, గాలివానకి ఊత కడతాం. ఊతకర్ర పాతే మనిషికి కూడా కాళ్ళ కింద నేల గట్టిగా ఉండాలి.

మీ సొంత పిల్లల్ని మరచిపోకండి. మా అబ్బాయి అప్పటికి ఇంజినీరింగ్ చివరి ఏడాది. వాడి గది పాపకి ఇచ్చాం, వాడిని అడగకుండా. సంక్రాంతికి వచ్చి హాల్లో పడుకున్నాడు, ఏమీ అనలేదు. వాడి పుస్తకాల అట్టపెట్టె అటక మీద పెట్టామని తెలిసి మాత్రం చాలాసేపు బయట తిరిగి వచ్చాడు. అడిగి ఉంటే తనే ఇచ్చేవాడు.

అలాగే మీ ఇద్దరికీ విశ్రాంతి. ఇది చెప్పడానికి ఆడవాళ్ళు సిగ్గుపడతారు. పిల్లని వదిలి ఒక పూట గుడికో సినిమాకో వెళ్తే తప్పు చేసినట్టు అనుకుంటారు. సొంత పిల్లలయితే అమ్మమ్మగారింట్లో వదిలేస్తాం కదా. ఫోస్టర్ పిల్లకి కూడా అలాంటి ఒక ఇల్లు ముందే చూసుకోండి, మీ అక్కో, వదినో, పిల్లకి అలవాటైన మనిషి. ఆ పేరు సమితికి చెప్పి ఉంచండి. కేరళలో ఆశ్రమాల పిల్లల్ని వేసవి సెలవుల్లో కుటుంబాలకి పంపే పద్ధతి ఒకటి నడుపుతున్నారు. పూర్తిగా పెంచలేనివాళ్ళు అలా కూడా తోడ్పడొచ్చు. మన దగ్గర అలాంటి కుటుంబాలు ఉంటే, పెంచేవాళ్ళకి కూడా కాస్త ఊపిరి ఆడుతుంది.

పాప వెళ్ళిన రోజు గురించి అడుగుతారు అందరూ. బట్టల సంచి, ఆల్బమ్, బడి సర్టిఫికెట్లు, మందుల చీటీ అన్నీ సర్దాను. ఎర్ర మూత డబ్బా కూడా సంచిలో పెట్టబోతే పాప వద్దంది. "ఇక్కడే ఉంచు పెద్దమ్మా, ఇంకెవరైనా వస్తారు కదా" అంది. ఆ తర్వాత వాళ్ళమ్మ చేత ఫోన్ చేయించి పండగలకి మాట్లాడుతుంది. ఆ డబ్బా బాబు వచ్చినప్పుడు తీశాను. కానీ వాడికి కావలసింది డబ్బా కాదు, తెరిచి ఉన్న తలుపు. అది నాకు చెప్పేవాళ్ళు లేకపోయారు.

పిల్లలకి కష్టమొస్తే 1098 నంబరుకి ఫోన్ చేయొచ్చని అందరికీ తెలుసు. పెంచేవాళ్ళకి అలాంటి నంబరు లేదు. అందుకని మా ఊళ్ళో మేం నలుగురు ఫోస్టర్ తల్లులం నెలకోసారి ఒకరింట్లో కూర్చుంటున్నాం. టీ తాగుతాం, ఏడుస్తాం, ఎవరికి ఏం పనికొచ్చిందో చెప్పుకుంటాం. పిల్లల పేర్లు ఎత్తం.

బయట టీ రెడీగా ఉందంటున్నారు. ఈ నోటు పుస్తకం ఆ బల్ల మీద పెడుతున్నాను. మీ పేరు, ఊరు, నంబరు రాయండి, నా నంబరు మొదటి పేజీలో ఉంది. పిల్ల వచ్చిన మొదటి రాత్రి నాకు చేయండి. పదకొండైనా, పన్నెండైనా ఎత్తుతాను.